ఖాళీ ఉంటే ఎఫ్-సెవెన్

హబ్సిగూడల మూడో అంతస్తు.
కింద మిర్చి బజ్జీల నూనె కాగుతుంటది,
పైన నేను ష్రాప్‌షైర్ జిల్లా సచ్చినోళ్ళను
కంప్యూటర్లకు ఎక్కిస్తుంట.

పదకొండేండ్లాయె.
అక్కడి చర్చీల పాత రిజిస్టర్లు ఫొటోలు తీసి పంపిస్తరు.
సిరా పాకి, ఎలుకలు కొరికి, వానకు ఉబ్బిన కాగితాలు.
పుట్టిండు, నీళ్ళు చల్లిండ్రు, పెండ్లయింది, మట్టయింది.
ఒక్కో వరుసకు రూపాయి పావలా.

ఆ ఊర్లు ఎన్నడు చూడలే.
అయినా ఏ పాదిరి ఎడమచేత్తో రాస్తడో చెప్పగల.
ఒకాయన 'ఎస్' రాస్తే కొడవలి.
ఇంకొకాయన పగటన్నం తిన్నంక రాసినయి
గీతలు దాటి సోలుతయి.
వాట్కిన్ అనే కమ్మరికి పదముగ్గురు పిల్లలు,
ఏడుగురిని ఒక్క మంగళారం నాడే నేను పూడ్చిన.
ఆ రోజు అన్నం సయించలే.
పక్క సీటు నుస్రత్ అన్నది:
"నీకేమైతరే వాళ్ళు?"

రూలు చిన్నది. ఉన్నది ఉన్నట్టు కొట్టాలె.
అర్థం గాకపోతే ప్రశ్న గుర్తు.
గడి ఖాళీగ ఉంటే ఎఫ్-సెవెన్.
సొంత తెలివి వాడొద్దు, అంటడు సుదర్శనం సారు.

మొన్న శ్రావణంల, కరెంటు పోయి వచ్చినంక,
తెర మీద ఒక వరుస:
పద్దెనిమిది వందల తొంభై, నవంబరు.
పిల్లగాడు ఎడ్విన్. నాలుగేండ్లు దాటినయి.
పుట్టింది సికింద్రాబాద్, తిర్మలగిరి లైన్లు.
తండ్రి జోసెఫ్ టిమ్మిస్, ఫిరంగి దళం.
తల్లి.
తల్లి దగ్గర ఏమీ లేదు.
గీత గూడ లేదు. చుక్క గూడ లేదు.
చెప్పులు లేని కాళ్ళు తారు రోడ్డు దుంకినట్టు
పాదిరి కలం ఆ గడిని దుంకింది.

మా అమ్మమ్మ బోయిన్‌పల్లి మార్కెట్ల ఉల్లిగడ్డలు ఏరేది.
పిల్లి కండ్లు. వాళ్ళ నాయనవి అట.
ఏరుకుంట ఏరుకుంట చెప్పేది:
"మా నాయనకు ఒక అన్న ఉండెనంట బిడ్డా.
తెల్లగున్నడని ఓడెక్కిచ్చుకపోయిండు దొర.
నల్లగున్నోన్ని అవ్వకిడిసిండు.
అవ్వ పేరు బూదవ్వ. లైన్లల్ల బట్టలు పిండేది.
ఓడంటే ఏందో ఎర్కలేదు దానికి.
టేషన్ల నాలుగు దినాలు కూసున్నదంట,
పోయిన బండిలనే మల్ల వస్తడని."
పొట్టు ఎగిరి నా మొకం మీద పడేది.
ఉల్లిగడ్డకు ఏడ్సిన్నో, కతకు ఏడ్సిన్నో.

అదే పిల్లగాడా?
తెల్వదు. తిర్మలగిరిల ఎందరు దొరలు,
ఎందరు బట్టలు పిండినోళ్ళు.
కండ్ల రంగు రాసే గడి ఆ రిజిస్టర్ల లేదు.
మా దిక్కు అసలు రిజిస్టరే లేదు.
మున్సిపాలిటీ చుట్టు ఏడాది తిరిగితే
అమ్మమ్మది ఒక మరణపత్రం దొరికింది,
అండ్ల తండ్రి పేరు కాడ మా మామ పేరున్నది.

చెయ్యి ఆగలే.
తల్లి గడిల కొట్టిన: బూదవ్వ.
ఇంగ్లీషు అచ్చరాలల్ల, రెండు 'ఓ'లు పెట్టి.
ఎంటర్.

ప్రతి వరుసను ఇద్దరు కొడుతరు మా దగ్గర,
ఒకరికొకరు తెల్వకుండ.
రెండు కలువకపోతే ఎర్రగైతది.
ఎర్రగయింది.
సుదర్శనం సారు కుర్చీ జరుపుకుంట వచ్చి
బొమ్మను పెద్దగ చేసి, ఇంకింత పెద్దగ చేసి,
"ఏదమ్మా, ఎక్కడున్నది ఈ పేరు?"
తెర నిండ ఒక్కటే గడి, పాలిపోయిన పసుపు రంగు,
కాగితం నారలు కనపడుతున్నయి.
"లేదు సార్."
ఆయనే కొట్టిండు ఎఫ్-సెవెన్.

నెలాఖరుకు షీటు వచ్చింది.
నా పేరు ఎదురుంగ, వరుసలు పదకొండువేల నాలుగువందలు.
తప్పు ఒకటి.
పదిహేను రూపాయలు కోత.
ఆ షీటు పడేయలే,
మడతపెట్టి రేషన్ కార్డుల పెట్టిన.

"తప్పెవరిది?" అన్నది నుస్రత్.
"బూదవ్వది" అన్న.
ఎవరని అడగలే.
డబ్బా మూత తీసి
ఉల్లిగడ్డ ముక్క ఒకటి ఇటు జరిపింది.